ఛైర్మన్ జీతం, తెల్ల కాగితం

బుదాయ్ రేవులో మా గ్యోక్-లాన్ పిన్ని ఒక పెద్దమనిషిని పట్టపగలు కుంచెతో చంపేసింది. మధ్యాహ్నం అన్నాల వేళకి అతన్ని మళ్ళీ బతికించి, అతని చావుకి వచ్చిన డబ్బుతోనే ఒంటరి ముసలివాళ్ళకి అన్నం పెట్టించింది. నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. చదువుకున్నవాళ్ళలాగా అబద్ధాలకి ఆధారాలు పుట్టించడం నాకు చేతకాదు, కాబట్టి నా మాట నమ్మక తప్పదు.

పిన్ని పడుచుదనంలో బస్సు కండక్టరు. ఆమె ఈల వేస్తే బస్సులే కాదు, రేవులో పడవలు కూడా ఆగేవని తైవాన్ పడమటి తీరమంతా చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి. బస్సుల్లో కండక్టర్లని తీసేశాక ఆమె ‘వెచ్చటి గిన్నె’ సంఘంలో చేరింది. ఇంట్లో పొయ్యి వెలిగించే దిక్కులేని ముసలివాళ్ళకి ఆ సంఘం అన్నం, చేపముద్దల సూపు వండి పంపిస్తుంది. వాటిని స్కూటర్ మీద ఇంటింటికీ చేర్చేది పిన్నే. విరాళం ఇచ్చినవాళ్ళ పేర్లు నెలనెలా ఎర్ర కాగితం మీద కుంచెతో రాసి సంఘం గోడకి అంటించేదీ పిన్నే. ఆమె అక్షరాలు బాగా బలిసిన ఆల్చిప్పల్లా ఉంటాయి. స్కూటర్ ఆపకుండానే చదువుకోవచ్చు.

క్యాబేజీ బస్తా ఇచ్చినవాడి పేరు కూడా ఆ గోడ మీద ఉండేది. ఆ డబ్బులోంచి జీతం తీసుకున్నవాళ్ళ పేరు మాత్రం ఎప్పుడూ కనిపించేది కాదు.

సంఘానికి ఛైర్మన్ గో టాట్-హింగ్. తండ్రి తర్వాత కుర్చీ తనకే వచ్చింది. భార్య కోశాధికారి. కావ్‌షుంగ్ నగరంలో ఉండే బావమరిది సలహాదారు. ఈ వసంతంలో ఛైర్మన్ ఒక కబురు చెప్పాడు: డబ్బు లేదు, వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులే భోజనం.

ఉప్పు మడుల వెనక ఉండే హాయ్-సూన్ తాతకి పిన్ని ఈ సంగతి చెప్పింది. ఒకప్పుడు ఆల్చిప్పల పడవ నడిపినవాడు, ఇప్పుడు మంచం దిగలేడు.

“మిగతా రోజులు ఏం తినమంటావే? ఛైర్మన్ ఫోటో నంజుకోనా?” అన్నాడు తాత.

పిన్ని ఆ మాట మూటగట్టుకుని సభ్యుల సమావేశానికి వెళ్ళింది.

“ఛైర్మన్ గారూ, తమరి జీతమెంత?”

“చూడమ్మా, అది నలుగురిలో మాట్లాడే సంగతా? మర్యాదగా ఉండదు.”

“మా ఆయన జీతం వీధంతటికీ తెలుసు. పరువేం పోలేదు. జీతమే తక్కువ.”

హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళు చేతులెత్తడానికి ఎంతసేపు? జీతాలు గోడ మీద పెట్టాలని తీర్మానం అయిపోయింది. ఛైర్మన్ భార్య గొంతు సవరించుకుని చదవాల్సొచ్చింది. ఛైర్మన్‌కి నెలకి అరవై వేలు, వంటామె జీతానికి రెట్టింపు. కోశాధికారిగా తనకి ముప్ఫై అయిదు. సలహాదారుకి పాతిక.

“మీ తమ్ముడు సలహాలు ఎలా ఇస్తాడమ్మా?” అంది వంటామె.

“ఫోన్లో.”

“ఆ ఫోను బిల్లు కూడా మనదేనా?”

మనదే.

అయినా ఆ పూట వచ్చినవాళ్ళు కొద్దిమందే. నాలుగు రోజులాగితే మరిచిపోతారని ఛైర్మన్ ధీమా. లేచి చివరి అడ్డు వేశాడు: “ఎర్ర కాగితం శుభానికి. పుణ్యాత్ముల పేర్ల పక్కన జీతాలు రాస్తే దాతలకి అవమానం. ఎర్ర కాగితం మీద నేను ఒప్పుకోను.” అని భార్యని తీసుకుని బావమరిది ఇంటికి కారెక్కాడు.

“సరే, ఎర్రది వద్దులే,” అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే సంఘం తలుపు పక్కన నిలువెత్తు తెల్ల కాగితం వెలిసింది. పైన బలిసిన అక్షరాలతో: ఛైర్మన్ గో టాట్-హింగ్. కింద చిన్న అక్షరాలతో జీతాలు. మా వైపు గుమ్మం పక్కన తెల్ల కాగితం అంటిస్తే ఒకటే అర్థం. లోపల ఎవరో పోయారు.

ముందు చూసింది నూడుల్స్ బండి ఆవిడ. చావు గాలి తన గడప తొక్కకుండా తలుపుకి చిన్న ఎర్ర ముక్క అంటించింది. ఆవిణ్ణి చూసి ఎదురిల్లు, దాన్ని చూసి పక్కిల్లు. కాసేపట్లో వీధి వీధంతా ఎర్ర ముక్కలే. తెల్ల కవర్లలో చావు చదివింపులు మొదలయ్యాయి. ఓటున్న ఇంట్లో చావు ఏనాడూ తప్పిపోనివ్వని కౌన్సిలర్ గారు, చావిళ్ళకి పంపే ఆనవాయితీ ప్రకారం, పళ్ళరసం డబ్బాలతో పేర్చిన గోపురం పంపించారు, మూడు నిలువుల ఎత్తు. వచ్చినవాళ్ళు కాగితం ముందు తల వంచారు. తల వంచితే చిన్న అక్షరాలు సరిగ్గా కళ్ళముందుకొచ్చాయి.

“పాపం, మొన్నటిదాకా దుక్కలా ఉన్నాడు... ఏంటీ, నెలకి అరవై వేలా?”

“పోయినవాణ్ణి అనకూడదుగానీ, ఇంట్లో ముగ్గురికీనా!”

సరిగ్గా అప్పుడే ఛైర్మన్ కారు వీధిలోకి తిరిగింది. తలుపుల మీద ఎర్ర ముక్కలు చూసి ఆయన అద్దం దించాడు.

“అయ్యయ్యో, ఎవరు పోయారమ్మా?”

నూడుల్స్ ఆవిడ చేతిలో గరిటె జారిపోయింది. “మీరేనండీ.”

ఆయన కారు దిగి అరిచిన అరుపుకి రేవులో కొంగలన్నీ లేచిపోయాయి. కాగితం చింపమన్నాడు. తెల్ల కాగితాన్ని ముట్టుకునే మగాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. తనే చెయ్యి చాచి, తన పేరు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంతలో పిన్ని భోజనం డబ్బాలు తీసుకెళ్ళడానికి స్కూటర్ మీద వచ్చింది.

“బతికున్నవాడి పేరు తెల్ల కాగితం మీద రాస్తావా?”

“పేరొక్కటే చదివారు. కింద కూడా చదవండి.”

కవర్లు వెనక్కి తీసుకోమంటే ఒక్కరూ ముందుకు రాలేదు. చావుకి తీసిన డబ్బు తిరిగి ఇంట్లోకి తెచ్చుకోవడమంటే, ఇంకో చావుని రమ్మని పిలవడమే. ఛైర్మన్ తీసుకుంటాడా? తన చావు డబ్బు తనే జేబులో పెట్టుకునే గుండె ఆయనకి లేదు. అందరూ వంటింటి వైపు చూశారు.

“ఇలా తెండి,” అంది వంటామె. “రోజూ చేపల్ని చంపే చోటు. ఇక్కడ చావుకి భయపడేదెవరు?”

సభ్యులందరూ ఎలాగూ అక్కడే ఉన్నారు. పిన్ని ఈల వేసింది. సమావేశం నడివీధిలోనే జరిగింది. ఛైర్మన్‌కి జీతం లేదు. ఫోను సలహాలు అక్కర్లేదు. కోశాధికారి ఆ ఇంటి మనిషి కాకూడదు. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఛైర్మనే. పిన్ని తప్ప ఆ కాగితాన్ని ముట్టేవాళ్ళు లేరు, అది గోడ దిగాలంటే ఆయనకి వేరే దారి లేదు మరి.

ఇప్పుడు నెలనెలా ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ పక్కపక్కనే, ఎర్ర కాగితం మీదే. వంటామె జీతం ఉంటుంది, పిన్ని స్కూటర్ పెట్రోలూ ఉంటుంది. విరాళాలు పెరిగాయి. భోజనం ఒక్క రోజూ తగ్గలేదు. చేపముద్దలు చిన్నవైపోయాయని హాయ్-సూన్ తాత రోజూ తిడుతున్నాడు. తిట్టాలంటే ముందు తినాలి కదా.

ఇదంతా పిన్నికి చదివి వినిపించాను. ఛైర్మన్ గర్వం, కౌన్సిలర్ ఆశ, ఊరి భయం, మూడింటినీ ముందే లెక్కేసి సేనాపతిలా పథకం వేశావన్నాను. ఆమె కుంచె కడుక్కుంటూ అంది:

“పథకమూ లేదు, ఏమీ లేదు. ఎర్రది వద్దన్నాడు, ఇంట్లో తెల్లది ఉంది. ఆ డబ్బాల గోపురం నా నడుం దాకా కూడా రాలేదు.”