బా నేర్పిన మడత

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్ పట్టుకొని నా మంచం పక్కన కూర్చుంది. సూరత్ నుంచి భివండి దాకా ఉన్న మా కులపోళ్ల ఆడవాళ్లంతా కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారట, ఎవరింటి పాత వంట వాళ్లు అందులో రాయాలట. "తాతా, నువ్వు ఎప్పుడూ చెప్తవు గదా, ఖీమా గరిజెలు. అవి మనింట్ల ఎప్పటిసంది ఉన్నయి? జల్దీ చెప్పు, అందరు అడుగుతున్నరు" అంది. అడగ్గానే నా పాత రోగం లేచి కూచుంది. ఏడు తరాల నుంచి, అన్నాను. మా ముత్తాత నేసిన చీర చూసి ఒక దొరసాని మెచ్చుకొని, ఇనాముతో పాటు ఖీమా కూరిన గరిజెలు పంపిందనీ, ఆ రుచి మరిచిపోలేక మా ముత్తవ్వ మూడు దినాలు పొయ్యి ముందే కూచొని ఆ విద్య పట్టిందనీ, అప్పటినుంచి అత్త కోడలి చెవిలో చెప్పి పోతున్నదనీ వరస పెట్టాను. పిల్ల టకటకా కొట్టుకుంటూ పోయింది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న మా ఇంటామె అన్నీ వింటూనే ఉంది, ఒక్క మాట అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మెచ్చుకోలు కాదని ఇన్నేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క సంగతి.

సాయంత్రానికి పొగడ్తలు వచ్చి పడ్డాయి. ఎవరో షోలాపూర్ కోడలు "ఇదీ మన సంప్రదాయం" అని రాసి చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ జోడించిన చేతులు చూశాక అన్నం లోపలికి పోలేదు నాకు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ వంటకు ఏడు తరాలు లేవు, ఒక్క తరం కూడా నిండలేదు. మా ముత్తవ్వ ముఖమే నేను చూడలేదు. మా ఊళ్లో గరిజెలంటే కజ్జికాయలే, లోపల బెల్లం, కొబ్బరి, నువ్వులు. ఖీమా అంటే జొన్నరొట్టెలోకి. ఈ రెండింటికీ పెళ్లి చేసింది సూరత్లో ఒక కిరాయి ఇల్లు. ఆ పెళ్లికి పెద్ద, మా భయం.

మగ్గాల కారఖానాలో పనికి వచ్చిన కొత్తలో మావాళ్లందరి లాగే మేమూ సూరత్ అంచున బమ్రోలి బస్తీలో ఒక రేకుల గదిలో ఉన్నాం. నీళ్లకు లైను, దొడ్డికి లైను. పెద్దపిల్ల పుట్టాక మా ఇంటామె ఒకటే పట్టు పట్టింది, ఇంట్లో నల్లా ఉన్న ఇల్లు కావాలని. కారఖానాలో లెక్కలు రాసే మునీమ్ ఒకాయన తన గల్లీలో ఒక మేడమీది గది చూపించాడు. గల్లీ అంతా గుజరాతీలే. ఇంటి పెద్ద ఒక ముసలమ్మ, అందరూ ఆమెను బా అనేవారు, అంటే అమ్మ అని. తెల్లచీర, నుదుట చందనం, ఎప్పుడూ చేతిలో ఏదో ఒక పప్పు ఏరుతూ ఉండేది. ఆమె గుజరాతీ కలిసిన హిందీలో అడిగింది ఒక్కటే ప్రశ్న, మాంసం గుడ్డు ముడతారా అని. నేను నోటితో అబద్ధం ఆడలేదనీ, అంగీ గుండీ విప్పి జంజెం చూపించానంతేననీ చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. మేం పద్మశాలీలం, జంజెమూ వేస్తాం, మాంసమూ తింటాం, ఆ రెండింటికీ మాలో తగాదా లేదు. కాని గుజరాతీ ముసలమ్మ కంటికి ఆ పోగు కనిపించాక ఇంక అడిగేదేమీ ఉండదు. ఇప్పుడు నిజం చెప్పాలంటే, పోగు చూపించి ఊరుకోలేదు, నోరు కూడా విప్పాను. మా ఇంట్లో గురువారంనాడు ఉల్లిగడ్డ కూడా కొయ్యం, అన్నాను. పక్కనున్న మా ఇంటామె తల దించుకుంది. బా దాన్ని అణకువ అనుకుంది.

ఆ అణకువకే ఆమె మురిసిపోయింది. మా ఇంటామెను దీక్రీ, అంటే బిడ్డా అని పిలిచేది. పెద్దపిల్లకు జ్వరమొస్తే తన ఒళ్లో పడుకోబెట్టుకొని ఉల్లిరసం అరికాళ్లకు రాసింది. ఉల్లిగడ్డ ఇంట్లోకి రానివ్వని మనిషి, మా పిల్ల కోసం తెప్పించింది. దీపావళి ముందు తన వంటింట్లో కూర్చోబెట్టుకొని ఘూఘరా చేయడం నేర్పింది. ఘూఘరా అంటే మన గరిజే, కాకపోతే అంచు వేరు. మనం వేలితో నొక్కి, చెంచా అంచుతో కోసి పారేస్తాం. వాళ్లు బొటనవేలితో ఇంత నొక్కి, లోపలికి మడిచి, దాని పక్కనే మళ్లీ నొక్కి, జడ అల్లినట్టు చివరిదాకా తీసుకుపోతారు. లోపలిది బయటికి రాదు, బయటి నూనె లోపలికి పోదు. మా ఇంటామె వేళ్లు చిన్నప్పుడు మగ్గం మీద తెగిన పోగులు ముడేసిన వేళ్లు, ఒక్క పూటలో పట్టేసింది. "నా కోడళ్లకు ఇన్నేళ్లయినా రాలేదు ఇది" అని బా గల్లీ అంతా చెప్పింది.

ఇక నా నాలుక సంగతి. పప్పు, ఆలుగడ్డ, పప్పు, ఆలుగడ్డ. కలలో కూడా మేక అరిచేది. ఒకనాడు మా ఇంటామెతో అన్నాను, "ఖీమా వండుకొని ఆ ఘూఘరాల పెట్టి మూస్తే ఎవడికి తెలుస్తదే?" ఆమె గిన్నె తోముతూ, "మూసేటిది నోరు గాని ఘూఘరా కాదు" అంది. అంది గాని, ఆమెకూ తినబుద్ధి అయింది, పిల్లకూ పెట్టబుద్ధి అయింది. సెలవునాడు బా ఇంటివాళ్లంతా డుమస్ పోయేవాళ్లు, సముద్రం ఒడ్డున భజియాలు తిని పొద్దుగూకినాక వచ్చేవాళ్లు. వాళ్లు అటు పోగానే నేను సైకిలేసుకొని బమ్రోలిలో మా తమ్ముడింటికి. వాసన వచ్చే వంటంతా అక్కడే. ఎలాగో రాస్తాను, అడిగారు కదా గ్రూపు ఆడవాళ్లు. మేక ఖీమా మరీ మెత్తగా కొట్టించొద్దు. ఉల్లి ఎర్రగా వేగినాక అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, దాని మీద ఖీమా, దాని నీళ్లలో అదే ఉడకాలె. ఆఖరికి ఎండుకొబ్బరి కుడుక, గసాలు, లవంగాలు, చెక్క దంచిన పొడి, గుప్పెడు పుదీనా. చుక్క తడి ఉండొద్దు, తడి ఉంటే నూనెలో పగిలి మీ గుట్టు బయటపెడుతుంది. టిఫిన్లో పట్టుకొని ఇంటికొస్తే మా ఇంటామె అప్పటికే గోధుమపిండిలో కాచిన నూనె పోసి గట్టిగా తడిపి, తడిబట్ట కప్పి ఉంచేది. పూరీలంత ఒత్తి, కూరి, బా నేర్పిన మడత వేసి, సన్నమంట మీద పల్లినూనెలో వేయించేది. గల్లీలో పోయేవాడికి అది పండుగ పిండివంట వాసన. కిటికీ మూసుకొని, గోడకానుకొని, ముగ్గురం వేళ్లు కాల్చుకుంటూ తినేవాళ్లం. అంత రుచి నా జన్మలో ఎరగను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఒక సెలవునాడు బా డుమస్ పోలేదు. మోకాళ్లు నొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది, మాకు తెలియదు. మెట్లమీద చప్పుడే రాలేదు, గోడ పట్టుకొని నెమ్మదిగా ఎక్కిందేమో. తలుపు నెట్టి చూసేసరికి మా ఇంటామె మూకుడు ముందు, నేను నోటి నిండా, పక్కన పళ్లెంలో ఘూఘరాలు కుప్ప. బా ముఖం వెలిగింది. "పండుగ లేదు పబ్బం లేదు, దొంగల్లా తింటున్నారే. నాకు చెప్పవా దీక్రీ?" అని నవ్వుతూ పళ్లెం ముందు చతికిలబడింది. ఒకటి తీసి వెలుగుకు పట్టి అంచు చూసింది. "చూడు చూడు, ఒక్కచోట కూడా విడలేదు" అని, ఊదుకొని, నోటి దాకా తీసుకుపోయింది.

ఇక్కడ నేను పులిలా దూకి పళ్లెం లాక్కున్నానని చెప్పడం నాకు అలవాటు. మా అల్లుడికి అట్లాగే చెప్పాను, కారఖానాలో అట్లాగే చెప్పాను. దూకలేదు. నోట్లోది మింగలేక, ఉమ్మలేక కూర్చున్నాను. తిననీ అనుకున్నాను కూడా, మసాలాలో ఏం తెలుస్తుంది అనుకున్నాను. మా ఇంటామె జల్లిగరిటె పక్కన పెట్టి బా మణికట్టు పట్టుకుంది. "బా, అది నీకు కాదు" అంది.

"ఎందుకు, అల్లుడికి లెక్కపెట్టి చేశావా?" అంది బా నా వైపు చూసి, ఇంకా నవ్వుతూనే.

"లోపల ఖీమా ఉంది, బా."

బా చేతిలోదాన్ని కిందికి దించింది. పళ్లెంలో పెట్టలేదు, నేల మీద పెట్టింది. "ఎప్పటినుంచి?" అంది. మా ఇంటామె, "వచ్చిన ఏడాది నుంచి" అంది. ఆ ముసలమ్మ అరుస్తుందనీ, శపిస్తుందనీ ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది. "నేను నేర్పిన మడతలోనా?" అని మాత్రం అడిగింది. గోడ పట్టుకొని దిగిపోయింది. కింద నల్లా విప్పిన చప్పుడు వినిపించింది, చాలాసేపు వినిపించింది.

ఆ సాయంత్రం నేను మా ఇంటామెను తిట్టాను. "ఒక్క ముక్క నోట్లెకు పోతే ఏం మునుగుతుండె? ఇల్లు పాయె, నల్లా పాయె, పిల్ల బడి పాయె." ఆమె మూకుడులో చల్లారిన నూనె వడగడుతూ, "ఆమెకు తెల్వకపోవు. రేపొద్దున దీక్రీ అని పిలుస్తది గదా, అప్పుడు నేనేమని పలకాలె?" అంది. నేను ఇంకా ఏదో అనబోతే, "నువ్వు జర నోట్లది మింగు ముందు" అంది.

బా తన కొడుకులకు చెప్పలేదు. చెప్తే ఆ రాత్రే సామాను గల్లీలో ఉండేది. పిల్ల పరీక్షలయ్యాక ఖాళీ చేయమని కబురు పంపింది, అదీ పనిమనిషితో. ఆ నెల రోజులూ మెట్ల దగ్గర ఎదురైనా పప్పు ఏరుతూ తల ఎత్తలేదు. దీక్రీ అనే మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. వెళ్లేరోజు మా ఇంటామె, బా ఎప్పుడో చక్లీలు పెట్టి పంపిన స్టీలు గిన్నె తోమి తీసుకుపోయింది. "అక్కడే ఉంచుకో" అంది బా లోపలినుంచి. ఇచ్చినట్టు కాదు, వద్దన్నట్టు.

మళ్లీ బమ్రోలి. ఇక్కడ గుమ్మం ముందే కోడిని కోస్తారు, ఎవరికీ దాచే పనిలేదు. చేరిన కొత్తలో ఒకసారి ఖీమా తెచ్చి, గరిజెలు చేయవే అన్నాను. "అందరి ముంగట తినేటిదాన్ని మూటగట్టుడెందుకు?" అని రొట్టెలు చేసి పెట్టింది. తర్వాత నేను అడగలేదు. నిన్న మనవరాలు ఆమె ముందు కూడా ఫోన్ పట్టింది. "నానమ్మా, అంచు ఎట్ల మడవాలె, చెయ్యి చూపెట్టు, వీడియో తీస్త." మా ఇంటామె చేతులు కొంగులో చుట్టుకుంది. "అది నాది కాదు బిడ్డా. అడిగి తెచ్చుకున్నది. ఇంకొకరికి ఇయ్యరాదు" అంది. పిల్లకు అర్థం కాక నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఈ కథ ఎవరికి చెప్పినా చివర్న ఒక ముక్క కలుపుతాను. కొన్నేళ్లకు బా కర్ర పట్టుకొని మా బమ్రోలి ఇంటికి వచ్చిందనీ, మా ఇంటామె పచ్చిబఠానీ ఘూఘరాలు చేసి పెడితే తిని, దీక్రీ అని తల నిమిరిందనీ. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. అది కూడా నేను అల్లిందే. బా రాలేదు. పోయిందని మాకు తెలిసింది కూడా పన్నెండోరోజు కర్మ అయిపోయాక, కూరగాయల బండి దగ్గర మునీమ్ భార్య చెప్తే. ఆ పూట మా ఇంటామె షేర్ ఆటో ఎక్కి ఆ గల్లీ దాకా పోయి, లోపలికి పోకుండా తిరిగొచ్చి, తలస్నానం చేసి పొయ్యి వెలిగించింది. కాలం అన్నీ మాన్పుతుందంటారు. మా విషయంలో అది చేసిందల్లా, క్షమించాల్సిన మనిషిని ముందు తీసుకుపోయి, అడగాల్సిన వాళ్లను ఇంత ముసలితనం దాకా కూర్చోబెట్టడమే.