బోణీ బేరంలో ఒక ఎన్నిక

ఉదయం ఆరున్నరకి విజయనగరంలో బస్సెక్కాను. ఎచ్చెర్లలో ఒక సదస్సు. పాశ్చాత్య ప్రజాస్వామ్యం ఎందుకు విఫలమైంది, దానికి బదులేమిటి అన్నది విషయం. మూడు తరాల కిరాణా కొట్టువాడికి అక్కడేం పని అంటారా? భోజనం ఉచితమన్నారు.

వక్త గారు విదేశాల్లో చదివొచ్చినవారు. తలలు లెక్కపెట్టి పాలించడం దొరల పద్ధతట. మన ఊళ్లలో పెద్దలు కూర్చుని ఏకాభిప్రాయంతో తేల్చేవారట. పోటీ లేదు, పగ లేదు, ఖర్చు లేదు. ఖర్చు లేదనగానే చప్పట్లు మొదలెట్టింది నేనే. వంకాయ కూర కూడా బాగుంది.

అంతదూరం వెళ్లి వట్టి చేతులతో రావడమెందుకని శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నంలో దిగాను. ఎండు నెత్తళ్లు చవకని విని ఒడ్డు వెంట పక్క పల్లెకి నడిచేసరికి రెండుంపావు. పంచాయతీ ఎన్నికల రోజులవి. పంచాయతీ ఆఫీసు గుమ్మం పక్కన నూకాలమ్మ అనే ఆమె ఎండుచేపల గంపతో కూర్చుంది. ఊరిపెద్ద అప్పన్న నామినేషన్ ఉపసంహరణ కాగితం పట్టుకుని ఆమె నెత్తిమీదే నిలబడ్డాడు.

"సర్పంచి సీటు ఆడోల్లకొచ్చింది బాబూ," అన్నాడు నాతో. "పెద్దలం కూకోని మా కోడల్ని ఏకగ్రీవం సేసినాం. ఈవిడా నామినేషనేసీసింది. మూడింటిలోగా ఎనక్కి తీసుకుంటాది."

"ఈమెని అడిగారా?"

"అడగడానికేటుంది? అందరిదీ ఒకే మాట గదా!"

"కాదంటే?"

"ఈ గంప ఊళ్లో ఎవుడూ ముట్టడు."

నూకాలమ్మ నావైపు తిరిగింది. "పొద్దున్నుంచి ఈ పంచాయితీతోనే సరిపోనాది, ఇంకా బోణీ కాలేదు. కేజీ నాలుగొందలు బాబూ."

"రెండొందలు," అన్నాను.

బోణీ బేరం మధ్యలో లేపితే గంపకే కాదు, పడవలకీ అరిష్టమని అక్కడివాళ్ల నమ్మకం. అప్పన్న ఆచారం తప్పని మనిషి, ఆగాడు. ఆమె పదేసి రూపాయలు దిగుతూ, దిగినప్పుడల్లా ఒక చేప తీసి దాని గుణగణాలు వర్ణించింది. నేను రూపాయి ఎక్కలేదు, తాతగారి రక్తం.

"ఒసే, ఇచ్చీయే!" అన్నాడు అప్పన్న.

"బోణీ మావా. తొందరెడితే సముద్రం ఊరుకుంటాదేటి?"

"నువ్వైనా పెంచు బాబూ!"

"నేనా?" అన్నాను, అవమానం జరిగినట్టు.

"ఆ తేడా నానిస్తాను!"

"మద్దిలో ఇంకోడు సెయ్యెడితే అది బోణీ అవ్వదు మావా."

లోపల ఎన్నికల అధికారి గడియారం చూసి రిజిస్టరు మూసేశాడు. "మూడైంది. ఇక పోలింగే."

"సరే బాబూ, రెండొందలే ఇయ్యి," అంది నూకాలమ్మ వెంటనే.

అప్పన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమని వెలివేస్తాడు? ఆమె పెద్దల మాట కాదనలేదు. బోణీ చేసుకుంది, అంతే.

నాలుగున్నర బస్సులో గెలిచిన మొహంతో కూర్చున్నాను. పక్కసీటు ముసలమ్మ సంచి వాసన చూసి ధర అడిగింది.

"రెండొందలా! శ్రీకాకుళం బజార్లో నూటపాతిక్కే ఇస్తారు గదా నాయనా!"

సింగుపురం దాటేదాకా వేళ్లమీద లెక్కపెట్టాను. నాకు ఓటు లేని ఊళ్లో ఎన్నిక జరిపించడానికి నా జేబులోంచి పోయినవి డెబ్భై అయిదు రూపాయలు. ఇంతకంటే చవకగా జరిపించే దేశం ఏదైనా ఉంటే చెప్పండి, బేరమాడి చూస్తాను.