సొరంగంలో కలిసిన మిడ్‌ఫీల్డర్

జెర్సీ సిటీ నుంచి మన్‌హట్టన్ వెళ్ళే రైలు ఆ ఉదయం నది కింద సొరంగంలో ఆగిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పక్క సీట్లో ఉన్న జపాన్ ఆయన మోకాలు రుద్దుకుంటుంటే, దెబ్బ తగిలిందా అని అడిగాను.

"పాతదే. నేను ఫుట్‌బాల్ ప్లేయర్‌ని, మిడ్‌ఫీల్డర్‌ని," అన్నాడు ఆగి ఆగి వచ్చే ఇంగ్లీషులో.

వాళ్ళ దేశంలో పెద్ద క్లబ్బుకే ఆడాడట. ఇక్కడి చిన్న క్లబ్బు పిలిస్తే వచ్చాడు. కొత్త కోచ్ వచ్చాక సీజనంతా బెంచీ మీదే కూర్చోబెట్టారు. వదిలి వెళ్దామంటే వీసా ఆ క్లబ్బు పేరు మీదే ఉంది.

"నాదీ అంతేనండీ. కంపెనీ వదిలితే దేశం వదలాలి," అన్నాను. ఇంట్లో కూడా అంత సూటిగా ఎప్పుడూ అనలేదు.

"నేను ఇవాళ వదిలేస్తున్నాను. చెప్పడానికే వెళ్తున్నాను."

"భయం లేదా?"

"ఉంది. కానీ మొన్న ప్రాక్టీస్‌లో బంతి నా వైపు వస్తుంటే, రాకపోతే బాగుండు అనిపించింది. చిన్నప్పటి నుంచీ అలా ఎప్పుడూ అనిపించలేదు."

రైలు కదిలింది. "మరి మీరు?" అన్నాడు.

"గ్రీన్ కార్డ్ రానీండి, అప్పుడు చూస్తాను."

"ఎప్పుడొస్తుంది?"

"ఎవరికీ తెలీదు."

స్టేషన్‌లో దిగాక ఆయన నా వైపు తిరిగి, నడుము వంచి నమస్కరించి, వెళ్ళబోతూ ఆగి నన్నొకసారి చూశాడు. ఆస్పత్రిలో రోగిని పలకరించి వెళ్ళేవాళ్ళు గుమ్మం దగ్గర ఆగి అలాగే చూస్తారు. నేను ఆఫీస్‌కి వెళ్ళి, లేటైనందుకు మేనేజర్‌కి సారీ చెప్పి, నా కుర్చీలో కూర్చున్నాను.