నూకరత్నం మీద వేసిన తప్పు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్‌గా పోర్ట్ బ్లెయిర్‌కు వేశారు. ద్వీపాల్లో పోగవుతున్న పాత లిథియం బ్యాటరీలను మెయిన్‌లాండ్‌కు పంపడం కష్టం; ఓడలో అంటుకుంటాయని భయం. వాటిలోని లోహాలను ఇక్కడే వేరు చేయవచ్చేమో చూడటానికి మిన్నీ బేలో ఒక షెడ్డులో చిన్న ప్రయోగ కేంద్రం పెట్టారు. దానికి నేను ఇన్‌ఛార్జిని.

బ్యాటరీలను విప్పి, లోపలి నల్లపొడిని ఆమ్లంలో కరిగించేవాళ్లం. మలినాలు తీశాక మిగిలిన ద్రావణాన్ని, కిరోసిన్‌లో కలిపిన ఒక రసాయనంతో కలియబెడితే కోబాల్టు పైన తేలే నూనెలోకి ఎక్కి నీలంగా మారుతుంది. నికెల్ కింది నీళ్లలో ఉండిపోతుంది. సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ అంటే ఇదే. అంతా పీహెచ్ మీద, అంటే ద్రావణపు ఆమ్లత కొలత మీద నడుస్తుంది. పీహెచ్ చాలకపోతే కోబాల్టు ఎక్కదు. అందుకే కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా పోస్తూ సరిచేయాలి.

ఆ పని నూకరత్నం చూసేది. కాంట్రాక్టు ఆపరేటరు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన చేపల వేటకారుల కుటుంబం. రోజూ అవతలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో చాతం జెట్టీలో దిగి వచ్చేది.

పీహెచ్ మీటరును ప్రతి ఉదయం బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో సరిచూడాలి. ఆ నెల ఓడ ఆలస్యమై కొత్త బఫర్లు రాలేదు. మూత సరిగ్గా పడని పాత సీసాలతోనే సరిచూసి, రిజిస్టరులో ‘తాజా బఫర్’ అని రాసి సంతకం చేశాను. మర్నాడు మెయిన్‌లాండ్ నుంచి కమిటీ రావాల్సి ఉంది.

కమిటీ వచ్చిన ఉదయం బ్యాచ్ నడుస్తుండగా నూకరత్నం నా దగ్గరకు వచ్చింది. “సార్, మీటర్ గలత్ చూపిస్తోంది. నూనెకి నీలం పట్టట్లేదు. కాస్టిక్ ఇంకొంచెం వెయ్యనా?”

“మీటర్ చూసి పనిచెయ్యి, రంగు చూసి కాదు,” అన్నాను. ఆమె కాస్టిక్ సీసా పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నానికి పరీక్ష ఫలితం వచ్చింది. కోబాల్టులో సగానికి పైగా నికెల్ నీళ్లలోనే మిగిలింది. కారణమేమిటని కమిటీ ఛైర్మన్ అడిగారు. ఆపరేటరు కాస్టిక్ తక్కువ పోసిందని చెప్పాను. నూకరత్నం రెండడుగుల దూరంలోనే ఉంది. నావైపు చూసింది, తర్వాత చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. నివేదికలో ‘ఆపరేటరు నూకరత్నం అజాగ్రత్త’ అని నా చేత్తోనే రాశాను. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు రద్దయింది.

తర్వాతి ఓడలో కొత్త బఫర్లు వచ్చాయి. పెట్టి చూస్తే మీటరు అసలు పీహెచ్ కంటే ఎక్కువ చూపిస్తోంది, అంటే కాస్టిక్ చాలకపోయినా చాలినట్టు. ఆమె అడిగినట్టు కాస్టిక్ పోయనిచ్చి ఉంటే బ్యాచ్ బాగుండేది.

కొన్ని వారాలు ఆగి బాంబూఫ్లాట్ వెళ్లాను. జెట్టీ దగ్గర చేపల ఐసుపెట్టెలు కడుగుతోంది. తప్పు నాదేనని చెప్పాను.

“తెలుసు సార్,” అంది, పని ఆపకుండా. “నాకొక్కదానికే చెప్తే ఏం ఫాయిదా? రిపోర్టులో నా పేరు అలాగే ఉంది కదా. వేరే పనికి నేను పెట్టుకున్న రెండు అర్జీలూ దాంతోనే పోయాయి. చెప్పేదేదో అక్కడ రాయండి.”

రాస్తానన్నాను. ఆ సాయంత్రమే ఉత్తరం టైపు చేశాను కూడా. కానీ రిజిస్టరులో చేసిన దొంగరాత కూడా బయటపడుతుందని భయపడి, దాన్ని రెండేళ్లు సొరుగులోనే ఉంచాను. రిటైరయ్యాక పంపాను. ప్రాజెక్టు మూసేశారని, పాత నివేదికలు సవరించే వీలు లేదని జవాబు వచ్చింది. ఆ జవాబు తీసుకుని మళ్లీ బాంబూఫ్లాట్ వెళ్లే ముఖం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఒక్కటే. తప్పు ఏ కాగితం మీద రాశామో, దాన్ని ఆ కాగితం మీదే దిద్దాలి. అదీ మన సంతకం చెల్లే రోజుల్లోనే. చాటుగా చెప్పిన క్షమాపణ చెప్పినవాడికి తప్ప మరెవరికీ పనికిరాదు.