సీలు వేసిన గొట్టంలో వెంట్రుక

దెయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో నన్ను దూరంగా కూర్చోబెట్టేవాళ్ళు. కథ మంచి పట్టులో ఉండగా "ఆ గదికి ఎర్తింగ్ సరిగ్గా ఉండిందా?" అని అడిగి అందరి సరదా చెడగొట్టేదాన్ని. కరెంటుతో బతికినదాన్ని. కంటికి కనపడనిది మనిషిని చంపగలదని నాకు తెలుసు. కానీ దానికి వోల్టేజీ ఉండాలి, పోవడానికి దారి ఉండాలి, మీటరులో ముల్లు కదలాలి. ముల్లు కదలనిదాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే, అదీ చెప్పలేను. జరిగింది మాత్రం రాస్తాను. రాయాలని కూర్చుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా సిగ్గుతో తల వంగిపోతోంది.

మాది బెంగళూరు నగరత్‌పేట. నాయనకు జరీదారం అంగడి. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఎనభైల మధ్యలో మహదేవపుర వైపు ఒక స్విచ్‌గేర్ ఫ్యాక్టరీలో, అంటే సబ్‌స్టేషన్లకు పెద్ద పెద్ద స్విచ్చీలు చేసే చోట, చేరాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. అసెంబ్లీ హాల్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

అక్కడ మేం చేసేది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. సబ్‌స్టేషన్ మీరు చూసే ఉంటారు. కంచె వేసిన పెద్ద మైదానం, కంకర, స్తంభాలు, పింగాణీ ఇన్సులేటర్లు. అంత చోటు దేనికంటే గాలికి. పైనున్న తీగకూ కింది నేలకూ మధ్య గాలే అడ్డం. ఆ అడ్డం సరిపోవాలంటే ఎడం చాలా ఉండాలి. ఊరి నడిబొడ్డున అంత నేల ఎవరిస్తారు? అందుకని మేం ఆ తీగను లావాటి అల్యూమినియం గొట్టం నడిమధ్యన పెట్టి, చుట్టూ ఎస్ఎఫ్ సిక్స్ అనే గ్యాసును ఒత్తిడితో నింపేవాళ్ళం. దానికి రంగు లేదు, వాసన లేదు, గాలికంటే చాలా బరువు. బారల కొద్దీ గాలి చేసే పనిని అది జానెడు ఎడంలో చేసేస్తుంది. మైదానంలో పరిచినదంతా ఒక పెద్ద హాల్లో ఇమిడిపోతుంది. గొట్టానికి ఎర్తింగ్ ఉంటుంది కాబట్టి లోపల లక్ష వోల్టులు ఉన్నా బయట చెయ్యి ఆనించి నిలబడొచ్చు.

స్విచ్చి తెరుచుకునేటప్పుడు లోపల పుట్టే నిప్పును ఆర్పేదీ ఆ గ్యాసే. స్విచ్చి కదలికే గ్యాసును నొక్కి, మనం దీపం ఊదినట్టు, నిప్పు మీదికి ఊదుతుంది. తీగను గొట్టం మధ్యలో పట్టి ఉంచేవి ఎపాక్సీ అనే గట్టి జిగురుతో పోతపోసిన ఇన్సులేటర్లు. చూడ్డానికి పెద్ద గరాటులా ఉంటాయి. గొట్టాన్ని గదులు గదులుగా విడదీసేవి కూడా అవే. ఒక గదిలో ఏదైనా జరిగితే పక్క గదిలో గ్యాసు చెక్కుచెదరదు.

ఇంత గట్టిదానికీ ఒక బలహీనత ఉంది. మురికిని అది ఓర్చుకోదు. రవ్వంత లోహపు పొడి, ఒక దారప్పోగు, ఒక వెంట్రుక, ఏది ఆ గరాటు మీద పడినా కరెంటు దాన్ని పట్టుకుని దారి చేసుకుంటుంది. అందుకే హాల్లోకి పోవాలంటే చెప్పులు మార్చాలి, తెల్ల గౌను వేసుకోవాలి, టోపీ పెట్టుకోవాలి. జడివాన పడితే గాల్లో తేమ ఎక్కువని మూతలు తెరవనిచ్చేవాళ్ళు కాదు.

నన్ను ఆ హాల్లోకి తీసుకున్నది నా మార్కులు చూసి కాదు, నా చెయ్యి చూసి. గొట్టానికీ తీగకూ మధ్య మగవాళ్ళ చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కునేది. నాది భుజం దాకా పోయేది. గరాటు వెనక వైపు తుడవడం, కట్టకడపట టార్చి వేసి చూడడం నా పని. ట్రైనింగులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. నేను నిలదొక్కుకుంటే వాళ్ళనూ తీసుకుందామని మా చీఫ్ అనుకుంటున్నాడని అందరికీ తెలుసు.

నా జుట్టు సంగతి కూడా చెప్పాలి. కాటుక నలుపు, ఉంగరాలు, నడుం దాటిన జడ. దాన్ని పెంచింది మా అవ్వ, నాయనను కన్నతల్లి. ప్రతి పొద్దునా నన్ను ముందు కూర్చోబెట్టుకుని నూనె పెట్టి, దువ్వి, ఒక్క పోగు బయటికి రాకుండా అల్లేది. అవ్వకు జుట్టు లేదు. నాయన చంకబిడ్డగా ఉన్నప్పుడే తాత పోయాడు. ఆ కాలపు ఆచారం ప్రకారం ఆమె తల గొరిగించారు, తలమీదికి కొంగు వచ్చింది, ఇక దిగలేదు. తన జుట్టు మోకాళ్ళ దాకా ఉండేదనీ, ఎండలో రాగి చెంబులా మెరిసేదనీ నాకు దువ్వుతూ ఎప్పుడో ఒకసారి చెప్పింది.

మా మొదటి యూనిట్ టెస్టుకు పోయింది. గాలి లాగేసి, గ్యాసు నింపి, వోల్టేజీ మెల్లగా పెంచుతూ పోయారు. ఇంకొంచెంలో అయిపోతుందనగా లోపల ఎవరో తలుపు బాదినట్టు ఒక్క చప్పుడు. సప్లై పడిపోయింది. గ్యాసును మళ్ళీ దాన్ని నింపే పంపు బండిలోకి లాగి, గొట్టం బాగా గాలాడేదాకా ఆగి మూత తీశారు. గరాటు మీద నల్లటి చార, చుట్టూ విభూతి చల్లినట్టు తెల్లపొడి. పక్కన ఒక పొడుగాటి వెంట్రుక.

చీఫ్ దాన్ని పటకారుతో ఎత్తాడు. హాల్లో ఉన్న కళ్ళన్నీ నా మీదికి తిరిగాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి టోపీ మీదికి పోయింది. ఎవరూ అడక్కముందే "నాదే సార్" అన్నాను. చీఫ్ కోస్తా మనిషి, గొంతు పెంచడు. "తిట్టడం లేదమ్మా. కానీ ఇంకోసారి జరిగితే ఈ హాల్లోకి ఇక ఆడపిల్లల్ని పంపించను. పైవాళ్ళకి జవాబు చెప్పుకోలేను" అన్నాడు. వెంట్రుకను చెత్తబుట్టలో వేశాడు. గాజు తలుపు అవతల ఆ ట్రైనింగు పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. నడిబజారులో చీర కుచ్చిళ్ళు ఊడినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఆ వారాంతం తిరుపతి బస్సెక్కాను. మొక్కు ఉందని ఇంట్లో చెప్పాను. మొక్కూ లేదు, పాడూ లేదు. దేవుడి పేరు చెబితే ఎవరూ అడ్డం రారని తెలుసు. కొండమీద కళ్యాణకట్టలో కూర్చుని తలనీలాలు ఇచ్చేశాను. కింద పడుతున్న నా జుట్టును చూస్తూ, ఇంక నన్ను ఎవరేమంటారో చూద్దామనుకున్నాను.

అమ్మ గుమ్మంలోనే తల కొట్టుకుంది. "పెండ్లి కావాల్సిన పిల్లవి కదే! ఎవురినడిగి మొక్కుకొంటివి?" అని ఏడ్చింది. అవ్వ ఏడవలేదు. నన్ను చాలాసేపు చూసి, అమ్మ లోపలికి పోయినాక అడిగింది.

"ఆపీసు కోసరమా?"

నేను తల వంచాను.

"నన్ను నలుగురు పట్టుకొన్నారమ్మే. ఒగామె కాళ్ళమింద కూసునింది. అయినా నెత్తి అట్లా ఇట్లా తిప్పి, మంగలాయన చెయ్యి తెగేట్లు చేస్తి. నీకు ఎవురూ పట్టుకోవాల్సిన పనే లేకపాయ. నీ కాళ్ళతోనే పోయి కూసొనొస్తివి."

అంతే అనింది. మరునాడు పొద్దున నూనెగిన్నె గూట్లోంచి దిగలేదు. అవ్వ తన చోట కూర్చుని గోడవైపు తిరిగి ఉండింది. మార్కెట్ బస్టాండు దగ్గర పూలామె రోజూ నేను రాగానే మల్లెలు మూరవేసి అందించేది. ఆ రోజు చాచిన చెయ్యి నా తల చూసి వెనక్కి తీసుకుంది. బస్సులో ఎవరో ముసలామె "చిన్న వయసులోనే, పాపం" అనడం వినిపించింది. ఫ్యాక్టరీలో టోపీ ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. బస్సులో తలమీదికి కొంగు లాక్కుని అచ్చం అవ్వలా కూర్చున్నానని అప్పుడు తట్టింది.

చెడిపోయిన గరాటు తీసేసి కొత్తది బిగించాం. ఈసారి గౌన్లన్నీ కొత్తవి. పొట్లం విప్పి వేసుకున్నాం. గొట్టం లోపల నేనే తుడిచాను. టార్చి వేసి నేను చూశాను, నా వెనక చీఫ్ చూశాడు, ఆయన వెనక మునిస్వామప్ప చూశాడు. మునిస్వామప్ప మా ఫిట్టరు, మా పేటవాడే, నున్నటి బట్టతల. చీఫ్‌ది మిలిటరీ కటింగు. లోపలికి వంగిన మా మూడు తలల్లో మూడోది నాది, దాని మీదా రాలడానికి ఏమీ లేదు. మూత బిగించి, గాలి లాగి, గ్యాసు నింపారు.

పట్టపగలు, టెస్టు హాలు నిండా మనుషులు. అదే వోల్టేజీ దగ్గర, అదే గదిలో, అదే చప్పుడు.

మూత తీసినప్పుడు నేనే ముందుకు పోయాను. కొత్త గరాటు చుట్టూ ఒక వెంట్రుక చుట్టుకుని ఉంది. పడినట్టు లేదు, ఎవరో తీరిగ్గా చుట్టినట్టు ఉంది. పక్కన ఎపాక్సీ కాలి నల్లబడింది, తెల్లపొడి లేచింది. వెంట్రుక మాత్రం కమిలిపోలేదు.

మళ్ళీ అందరూ నా వైపు చూశారు. నేను టోపీ తీసేశాను.

గెలిచానని అనుకోవాలి కదా. అంతమంది మగవాళ్ళ ముందు బోడితలతో నిలబడితే ఒంటిమీద బట్ట లేనట్టే అనిపించింది. చీఫ్ కళ్ళు దించుకున్నాడు. మునిస్వామప్ప వెంట్రుకను విడదీసి తన తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు. కింది కొస ఆయన నడుం దిగింది. కిటికీ వెలుగులో ఎర్రగా మెరిసింది. ఉంగరాలు లేవు.

"ఇది మీది కాదు సరళమ్మా. ఇంత పొడుగు నేను చూసిందే లేదు" అన్నాడు.

మాది జరీ అంగడి కదా, నా బట్టలకు అంటుకుని రాగిపోగు ఏదైనా వచ్చిందేమోనని చీఫ్‌కు అనుమానం. అడగడం న్యాయమే. కొస కాస్త తుంచి అగ్గిపుల్ల అంటించారు. ముడుచుకుపోయి, వెంట్రుక కాలిన కంపు కొట్టింది. లోహం అలా కాలదు.

అప్పుడు చీఫ్ మెల్లగా అడిగాడు. "మొన్నటిది కూడా ఇలాగే ఉందా?"

ఎవరూ చెప్పలేకపోయారు. మొన్న అందరూ నన్ను చూశారు గానీ వెంట్రుకను చూడలేదు. చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

వెంట్రుకను చేతిరుమాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో చెప్పలేను. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదేనని నన్ను నేనే వెక్కిరించుకున్నాను. అయినా రుమాలు విప్పి అవ్వ ఒళ్ళో పెట్టాను. ఎక్కడిదో చెప్పలేదు.

అవ్వ ఎవరిదని అడగలేదు. రెండు వేళ్ళతో ఎత్తింది. దువ్వుకున్న తరవాత రాలిన జుట్టును ఆడవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. చూపుడువేలికి చుట్టి, ఉండచేసి, దిష్టి తగలకుండా తూతూమని ఉమ్మి పారేస్తారు. తమ సొంత జుట్టుకే అలా చేస్తారు, పక్కవాళ్ళది ముట్టుకోను కూడా ముట్టుకోరు. నాకు దువ్వినన్నాళ్ళూ అవ్వ నా రాలుజుట్టును నా చేతికే ఇచ్చేది. నువ్వే ఉమ్మి పారెయ్యి అనేది.

ఆ రోజు ఆ వెంట్రుకను తన వేలికే చుట్టుకుంది. చుట్లు చుట్లుగా, తొందర లేకుండా. చిన్న ఉండ చేసి, తూ తూ అని, లేచి పోయి పెరట్లో పడేసి వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండకముందే జుట్టు పోగొట్టుకున్న మనిషి. ఆ వేళ్ళు ఆ పని మరచిపోలేదు. తిరిగి వచ్చి నా బోడితల మీద అరచెయ్యి పెట్టింది. కొండనుంచి వచ్చినాక అదే మొదటిసారి.

"పో. ఇంక రాదులే" అనింది.

నేను ఆమె ఒళ్ళో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఏం రాదని అడగలేదు. సిగ్గేసింది.

మూడోసారి బిగించిన యూనిట్ టెస్టులో నిలబడింది. పూర్తి వోల్టేజీ దగ్గర గొట్టం తుమ్మెదలా మెత్తగా గుయ్యిమంటూ ఉంటే మునిస్వామప్ప దానికి కుంకుమ పెట్టాడు. ట్రైనింగు పిల్లలిద్దరూ హాల్లోకి వచ్చారు. జడలతోనే, టోపీలు పెట్టుకుని వచ్చారు. నేను రిటైరయ్యేదాకా ఆ హాల్లో ఇంకే వెంట్రుకా దొరకలేదు.

నేనూ ఊరుకోలేదు. గౌన్ల కంపెనీని అనుమానించాను. వ్యాక్యూమ్ పంపు గొట్టాల్లో వెతికాను. ఎపాక్సీ పోతపోసే చోట ఆడవాళ్ళు ఉన్నారేమో కనుక్కున్నాను, లేరు. ముగ్గురం టార్చి వేసి చూసి సీలు వేసిన గదిలోకి అంత పొడుగు వెంట్రుక ఎలా వచ్చిందో, వచ్చి ఎలా చుట్టుకుందో, ఆ నిప్పులో ఎలా కాలలేదో నాకు ఈనాటికీ తెలియదు. అవ్వ పోయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ అడగడానికి నాకు నోరు రాలేదు.

జుట్టు మళ్ళీ పెరిగింది, అవ్వే దువ్వింది. నలుగురు పట్టుకున్నా ఆమె తల వంచలేదు. నన్ను ఒక్కరూ ముట్టుకోకుండానే నేను వంచాను. ఆ మొదటి వెంట్రుక నల్లగా ఉండిందో, రాగిలా ఉండిందో కూడా చూడకుండా నాదేనన్నాను.