భుజాల మీది గొర్రె

నా చిన్నప్పుడు మా ఊళ్లో చర్చి లేదు. రాయచూరు నుంచి పాస్టరుగారు ఎప్పుడో నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు మా పెద్దమ్మ ఇంటిముందు పందిరే మాకు గుడి. ఆమె మా అమ్మకు సొంత అక్క. కూలికి పోయే మనిషే, కానీ చదవడం వచ్చు. సువార్తలోని ఉపమానాలు వారానికొకటి వరసగా చెప్పేది. కథ సగంలో ఆపి ఒక ప్రశ్న వేసేది, ఇక నోరు విప్పేది కాదు. ముసలివాళ్ల నుంచి మాలాంటి పిల్లల దాకా అందరూ ఏదో ఒకటి చెప్పాల్సిందే. అసలు జవాబేదో చెప్పమని ప్రాణం తీస్తే, "నేను జెప్తె అది నా జవాబైతది. మీదెట్లైతది?" అనేది. మాకు ఒళ్లు మండేది.

మా మగవాళ్లది బావులు తవ్వే పని. దిగేవాళ్లు చెప్పులు ఒడ్డున విడిచి దిగుతారు. పైన చెప్పులున్నాయంటే వాటి మనిషి లోపలున్నట్టే. ఒక ఎండాకాలం, శనివారం పొద్దుగూకే వేళకు పక్క ఊరి బావిలో ఒకవైపు మట్టి జారింది. అందరూ పైకొచ్చారు, మా పెద్దమ్మ భర్త తప్ప. ఆయన చెప్పులు ఒడ్డునే ఉండిపోయాయి. రాళ్లు ఇంకా రాలుతూనే ఉన్నాయి. దిగితే ఇంకో ప్రాణం పోతుందని పెద్దలు అందరినీ ఆపేశారు.

మర్నాడు ఆదివారం. ఎప్పటిలాగే పందిరి కిందికి రమ్మని పెద్దమ్మే కబురు పెట్టింది. వరసలో ఆ వారానికి వచ్చింది తప్పిపోయిన గొర్రె కథ. వేరేది చెప్పమని ఎవరో అన్నా ఆమె వినలేదు. తొంభై తొమ్మిది గొర్రెలను అడవిలో విడిచి కాపరి ఒక్కదాని కోసం పోయాడని చెప్పి ఆగింది. "పోవుడు న్యాయమేనా?" అని అడిగింది.

గొర్రెలు కాసి బతికిన తాత ఒకాయన, మందను వదిలిపోతే తోడేలు ఊరుకోదని మెల్లగా అన్నాడు. మా అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. మా నాయన వైపు చూడకుండా, "ఆ తొంబైతొమ్మిదిట్ల గూడ ఒక్కొక్కటి ఎవరిదో ఒకరిదే గదక్కా" అంది. నాకు భయం వేసింది. అమ్మ మాట్లాడుతున్నది గొర్రెల గురించి కాదని నాకూ తెలిసింది.

పెద్దమ్మ తలెత్తలేదు. "నువ్వన్నది గూడ నిజమే చెల్లె" అంది, అంతే. ఆ పూట ఆమె ఒక్క కేక వేసి దిగమని అడిగితే కాదనే మగవాడు అక్కడ లేడు. ఆమె అడగలేదు.

మా నాయన లేచి తాడు తీసుకుని బావి వైపు నడిచాడు. వెనకే ఇంకో ఇద్దరు లేచారు. అమ్మ ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

సాయంత్రానికి శవం బయటికి వచ్చింది. మా నాయన దాన్ని తన వీపుకు కట్టుకుంటే పైనున్నవాళ్లు తాడుతో లాగారు. పైకొస్తుండగా ఒక రాయి ఊడి ఆయన మోకాలి మీద పడింది. ఆ కాలు మళ్లీ చక్కబడలేదు, ఆయన మళ్లీ బావి దిగలేదు.

వారం తిరక్కుండానే పెద్దమ్మ పందిరి కింద కూర్చుని, ఆపిన చోటి నుంచే కథ అందుకుంది. గొర్రె దొరికినప్పుడు కాపరి దాన్ని భుజాల మీద ఎత్తుకున్నాడు, అంటూ ఆగిపోయింది. ఆ తర్వాతి మాట సంతోషం గురించి. మంచం మీద మోసుకొచ్చి పడుకోబెట్టిన మా నాయన వైపు తిరిగి, "బరువుండెనా?" అని అడిగింది.

"ఉండె వదినె. గాని దింపబుద్ధి గాలే."

అమ్మ పోయి అక్క పక్కన కూర్చుంది.

ఇప్పుడు మా ఊళ్లో చర్చి ఉంది. ఆదివారాలు పిల్లలకు కథలు చెప్పేది నేనే. ఆ కథ వచ్చినప్పుడు నేనూ అక్కడే ఆగి, బరువుగా ఉంటుందా అని అడుగుతాను. గొర్రె ఎంతుంటుంది, బరువుండదంటారు పిల్లలు నవ్వుతూ. మా నాయన కర్ర ఊనుకుని నడిచే చప్పుడు చెవుల్లో తగ్గేదాకా ఆగి, మిగతా కథ చెబుతాను.