ఐదున్నరకే వేడెక్కిన బండి

ఆ రోజుల్లో గాజువాకలో సొంత బండి లేని కుర్రాడు ఎవరి దయ మీదనో బతకాల్సిందే. షిఫ్టు బస్సు నాకు దొరికేది కాదు, బండి ఉన్న స్నేహితుడేమో నన్ను దూరం నుంచి చూడగానే సందు మార్చేసేవాడు. తొంభైల చివర్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజు విడిచి రోజు చీవాట్లు తినేవాణ్ణి. ఒకరోజు ఫోర్‌మన్ "ఇంకోసారి లేటయితే ఇంటి దగ్గరే ఉండిపో" అనేసరికి, ఎలాగైనా ఒక పాత మోటారుసైకిలు కొనాలని తీర్మానించుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు, పాతది చూసి కొనే తెలివీ లేదు. స్తోమత సంగతి ఎవరూ పట్టించుకోలేదుగానీ, తెలివి మాత్రం తాను సర్దుతానని మా అక్క మొగుడు ముందుకొచ్చాడు.

బావ పోర్టులో గుమాస్తా. ఇంజన్ల గురించి బావ చెబుతుంటే చేతిలో టీ చల్లారిపోతున్నా ఎవరూ కదిలేవారు కాదు. (సొంత వాహనం మాత్రం సైకిలే. దానికి గాలి కూడా మా అక్కే కొట్టించుకొచ్చేది.) పాత బండ్ల పరీక్షకని పాడైన రేడియో స్పీకరులోంచి ఒక అయస్కాంతం పీకి దాచుకున్నాడు. అది ట్యాంకుకి అంటుకోకపోతే సొట్టలకి లప్పం పెట్టి రంగేశారన్నమాట. అన్నిటికన్నా పెద్ద సూత్రం బస్సులో నా చెవిలో చెప్పాడు. "ఇంజను సల్లగుండాల బామ్మర్దీ. మనమొచ్చీ ముందే అమ్మీవోడు వేడిసేసి ఉంచీసాడంటే, సల్లగున్నప్పుడు స్టార్టవదని అర్థం. అందుకే ఎనిమిదికొత్తామని సెప్పి ఐదున్నరకే పోతన్నాం. ఎలా దొరికిపోతాడో సూడు!"

బండి ఫిషింగ్ హార్బరు దగ్గర, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఒక పెద్దాయనది. మేం వెళ్ళేసరికి అటువైపు చేపల వేలం కేకలు జోరుగా ఉన్నాయి. ఆయన ఇంటిముందు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు, పక్కనే బండి. మమ్మల్ని చూసి కంగారుగా లేచి "ఎనిమిదన్నారు గదా బాబూ" అన్నారు. బావ నాకేసి చూసి కన్ను గీటాడు. తర్వాత పలకరింపూ లేదు పాడూ లేదు, తిన్నగా టార్చి వేసుకుని మడ్‌గార్డు కింద దూరాడు, ఉప్పుగాలి తుప్పు వెతకడానికి. తుప్పు దొరకలేదు. అయస్కాంతం ట్యాంకుకి టక్కున అంటుకుంది. బావ ముఖం చిన్నబోయింది. "సేపల కంపు కొడతంది" అని ఒక నేరం రాసుకుని, చివరికి సైలెన్సరులో మసి పొడిగా ఉందో జిడ్డుగా ఉందో చూద్దామని చూపుడువేలు దూర్చాడు.

"ఓలమ్మో!" అన్న కేకకి వీధిలో కుక్క లేచి నిలబడింది. కాలిన వేలు నోట్లో పెట్టుకోవడంతో మసి మీసం దాకా పాకింది. పెద్దాయన లోపలికి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చారు. ఆ చెంబులోనే వేలు ముంచి, ఆ పెద్దాయన మీదే విచారణ మొదలెట్టాడు మా బావ.

"ఏటి గురువా, మమ్మల్నేటి ఎర్రోళ్ళనుకున్నావా? అప్పుడే వేడిసేసి ఉంచీసావ్?"

"నాను రోజూ ఈ టైముకి స్టార్ట్ సేత్తాను బాబూ."

"రోజూనా? ఎక్కడికెల్తావేటి?"

"ఎక్కడికీ ఎల్లను."

బావ పగలబడి నవ్వాడు. రోజూ బండి తీసి ఎక్కడికీ వెళ్ళని మనిషిని మేమెప్పుడూ చూడలేదు మరి. నేను కూడా నవ్వాను. (ఎనిమిదింటికి వచ్చేవాళ్ళ కోసం ఐదింటికే ఇంజను ఎవరు వేడిచేస్తారన్న ఆలోచన మా ఇద్దరి బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.) బావ చెంబులోంచి వేలు తియ్యకుండానే బేరం సగానికి లాగేస్తే, పెద్దాయన "మీ ఇట్టం బాబూ" అని లోపలికి వెళ్ళిపోయారు. దారిపొడుగునా బావ నన్ను మెచ్చుకోనిస్తూనే ఉన్నాడు.

ఆదివారం బండి తెచ్చుకోవడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. పెద్దాయన కాగితాలు వెతకడానికి లోపలికి వెళితే, ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, "బాబూ, తెల్లారగట్ల తీత్తావా బండి?" అని అడిగింది. ఎందుకమ్మా అన్నాను.

"మావోడు బోటు డ్రైవరు నాయినా. ఐదింటికి బండి తీసీవోడు. ఆ సప్పుడుకే నాను లేచి టీ పెట్టీదాన్ని. రెండేళ్ళయింది, గాలివానకి బోటు మరి తిరిగి రాలేదు. అప్పుట్నుంచి ఈ ముసిలాయన తీత్తన్నాడు. నాకోసమేనంటాడు. నానూ లేచి టీ పెడతన్నాను. నాకోసం కాదు, ఆయన ఒక్కడూ కూకుంటాడని."

మరి అమ్మడం ఎందుకని అడిగాను. "నిలబెట్టీసిన బండిని సముద్రం గాలి తినీయదా? ఎవులో కుర్రోడు తిరిగితే అదైనా బతుకుద్దని" అంది. పెద్దాయన కాగితాలు తెచ్చి ఇచ్చి, ఇంజను మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ పూట ఇంజను చల్లగా ఉంది. నేను వచ్చేసరికి వేడిగా ఉంటే బాగోదని స్టార్ట్ చెయ్యలేదట.

ఆ రోజు నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయిందని చెప్పాలి. చెప్పలేక బండెక్కి వచ్చేశాను. మర్నాటి నుంచి గేటు దగ్గర ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఆ ఒక్క మాట చెప్పడం మాత్రం ఆలస్యం చేస్తూనే ఉన్నాను. దానికోసమే ప్రతి ఆదివారం తెల్లవారుజామున వాళ్ళింటి ముందు బండి ఆపేవాణ్ణి, టీ తాగి వచ్చేసేవాణ్ణి. పెద్దాయన ప్రతిసారీ ఇంజను మీద చెయ్యి పెట్టి "వేడిగా ఉంది బాబూ, బాగా తిరుగుతంది" అనేవారు. తర్వాత ఆదివారం డ్యూటీలు పడ్డాయి, పెళ్ళయింది, తెల్లవారుజామున లేవడమంటే బద్ధకం వచ్చింది. ఏడాది తర్వాత వెళితే తాళం. యారాడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. యారాడ ఎంత దూరమని! అయినా వెళ్ళలేదు. ఏ ముఖంతో వెళ్ళను?

ఇప్పుడు నాది బటన్ నొక్కితే కదిలే స్కూటరు. దాని ఇంజను ఎక్కడుందో కూడా తెలీదు, అంతా ప్లాస్టిక్కే. అయినా దిగగానే నా అరచెయ్యి దాని పక్కకి పోతుంది. మా అమ్మాయి చూసి "ఏంటి నాన్నా, దానికి జ్వరం చూస్తున్నావా?" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

"వేడిగానే ఉందమ్మా" అంటాను.